రానివాళ్ళది ఎడమ చెయ్యి

కామా అంటే ఎంతని? ఆవగింజకి తోక మొలిస్తే ఎంతో, అంత. ఆ ఆవగింజ పుణ్యమా అని కల్యాణి సోమవారం నుంచీ కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్తుంది. ఆరిన బట్టలు తీద్దామని వెళ్ళినది వాటిని తియ్యకుండానే గదిలోకి వస్తుంది. గదిలోకి ఎందుకొచ్చిందో గుర్తు రాక అక్కడే నిలబడిపోతుంది. ఈలోగా పాలు పొంగి పొయ్యిని ఆర్పేస్తాయి.

“పాలకంటే నువ్వే ఎక్కువ పొంగుతున్నావే,” అన్నాడు ఆమె భర్త రఘు, ఉర్లా నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటూ. అతను అక్కడ ఇనపకడ్డీల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. కొలిమి పక్కన నిలబడి నిలబడి మనిషి చల్లబడిపోయాడు. లోకంలో దేనికీ తొందరపడడు. తొందరలో ఉన్నవాళ్ళకి అలాంటివాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. కల్యాణికీ మండింది.

“మీకేటండీ, మీ ఇనుము నోరు విప్పదు. నా పిల్లలు విప్పుతారు. గురువారం ఆ దేవాంగన్ మేడం ఎదురుగా ఏం వాగుతారో ఏటో,” అంది.

సంగతేమిటంటే, కల్యాణి రైల్వే కాలనీ వెనకున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆరు నుంచి ఎనిమిది వరకూ ఇంగ్లీషు చెబుతోంది. మొన్న మొన్నటి దాకా అది హిందీ మీడియం బడి. యాజమాన్యం వాళ్ళు గేటు మీద బోర్డు మార్చి ఇంగ్లీషు మీడియం అన్నారు. బోర్డు మారింది గానీ బల్లలూ పిల్లలూ పాతవే కదా. కొంగు బిగించి ఆ పిల్లల నోట ఇంగ్లీషు పలికించింది కల్యాణే. తను మాత్రం ఏ కాన్వెంటులో చదివింది గనక? పార్వతీపురంలో డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చాక, ఒక పక్క హిందీ, ఒక పక్క ఛత్తీస్‌గఢీ చెవుల్లో హోరెత్తుతుంటే, మధ్యలో కూర్చుని ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాలు నమిలి మింగింది. ఎవరూ నేర్పలేదు. అందుకే ఆ భాష మీద ఆమెకి పెంచిన ప్రేమ.

దసరా తరవాత కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. దేవాంగన్ మేడం. నవ్వదు, అరవదు, కళ్ళద్దాలు తుడుచుకుంటుంది అంతే. ఎనిమిదో తరగతి పేపర్లు ఈసారి బయటివాళ్ళు దిద్దుతారని ఆమెకి బెంగ. అర్ధ సంవత్సరం పరీక్ష పేపర్లు తెప్పించి చూసింది. కొందరు పిల్లలు కామాలు అసలు పెట్టలేదు. కొందరు అరిసెల మీద నువ్వులు జల్లినట్టు జల్లారు.

“గురువారం మీ క్లాసులో కూర్చుంటాను. కామాల పాఠం చెప్పండి,” అంది కల్యాణితో హిందీలో. “బాగుంటే ఎనిమిదో తరగతి మీదే. లేకపోతే సోమవారం నుంచి ఆరూ ఏడుతో సహా అన్నీ కొత్త సర్‌కి ఇచ్చేస్తాను. మీరు నర్సరీ చూసుకోవచ్చు.”

నర్సరీ పిల్లలు దేవుళ్ళతో సమానం, ఎవరు కాదన్నారు? కానీ పుస్తకాలు నమిలి మింగింది ఏ ఫర్ యాపిల్ పాడడానికి కాదు. ఎనిమిదో తరగతి పోతే తన ఇంగ్లీషు పోయినట్టే. ఇంటికి వస్తే తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఇక దాన్ని ఎక్కడ మాట్లాడాలి, పావురాలతోనా?

పాఠం మాత్రం ఊరికే చెప్పలేదు సుమండీ. గోల్ బజార్ వెళ్ళి స్టిక్కర్ బొట్లు కొనుక్కొచ్చింది. గుండ్రటివి కాదు, పాము మెలికలాంటివి. బోర్డు మీద కామాలు లేకుండా వాక్యం రాయడం, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి కామా రావాల్సిన చోట బొట్టుబిళ్ళ అంటించమనడం. మొదటి రోజు ఆ బిళ్ళలు బోర్డు మీద తప్ప అన్నిచోట్లా కనిపించాయి. ఉమేష్ సాహు అనేవాడు రెండు బిళ్ళలు పైపెదవి మీద అంటించుకుని మీసాల రాయుడిలా కూర్చున్నాడు. అసలే కోతులు, ఆ పైన బొట్టుబిళ్ళలు. అయినా కొందరికి వచ్చింది. ఖుష్బూ నిషాద్ అనే అమ్మాయి, క్లాసు ఫస్టు, కళ్ళు మూసుకుని అంటించేసేది. మిగిలిన సగం మందికి మాత్రం రాలేదు. బుధవారం పొద్దున్నకి కూడా రాలేదు.

ఆ సగంలో లహరి ఒకతి. క్లాసులో ఉన్న ఒకే ఒక్క తెలుగు పిల్ల. వాళ్ళ నాన్న చిన్నారావు రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు, బొబ్బిలి వైపు వాళ్ళు. లహరి మంచి పిల్లే గానీ నలుగురిలో నోరు పెగలదు. ఎన్నడూ చెయ్యెత్తి ఎరగదు. కల్యాణికి ఆ పిల్లంటే ఒక మెత్తని చోటు. అందరి ముందూ తెలుగులో పలకరించకూడదు, బడి రూలు. వరండాలో ఎదురైతే మాత్రం “తిన్నావా?” అని గొంతు తగ్గించి అడిగేది.

బుధవారం మధ్యాహ్నం, బోర్డు ముందు నిలబడి చేతులు నులుముకుంటున్న కల్యాణికి పార్వతీపురం బడి గుర్తొచ్చింది. అక్కడ వెంకటస్వామి మాస్టారని ఉండేవారు. ఇన్‌స్పెక్షన్ అంటే ఆయనకి ఒక కిటుకు. ప్రశ్న అడగగానే క్లాసులో ప్రతివాడూ చెయ్యెత్తాలి. వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. ఇన్‌స్పెక్టరుగారికి చేతుల అడవి కనిపిస్తుంది. మాస్టారు కుడి చేతుల్లోంచి ఒకణ్ణి లేపుతారు. వాడు గలగలా చెప్పేస్తాడు. ఇన్‌స్పెక్టరుగారు పొంగిపోయి బిస్కెట్లు తిని వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో దాదాపు ప్రతి బడిలోనూ ఉండేదే ఇది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనసులో ఎవరో అన్నారు. కల్యాణి ఆ ఎవరినో నోరు ముయ్యమని, తలుపు దగ్గరికి వేసి, పిల్లలకి ఆ కిటుకు చెప్పింది.

కామాలు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని బుర్రలకి ఈ ఏర్పాటు చిటికెలో ఎక్కింది. పిల్లలకి పండగే పండగ. ఆ పీరియడంతా కామాల బదులు చేతులే ప్రాక్టీసు చేశారు. ఆమె ప్రశ్న అడగడం, వాళ్ళు టపటపా చేతులు లేపడం. ఆ గోలలో లహరి బల్ల దగ్గర నిలబడి, “మేడం, ఎడమదే ఎత్తాలా?” అని మెల్లిగా అడిగింది.

“రాకపోతే ఎడమదే,” అంది కల్యాణి, అటు చూడకుండానే.

సాయంత్రం బడి గేటు దగ్గర లహరి కోసం వాళ్ళ నానమ్మ రమణమ్మ వచ్చింది. రోజూ వస్తుంది. లహరి ఎడమ చేత్తో సీసా ఎత్తి నీళ్ళు తాగబోతుంటే ముసలామె ఆ సీసా లాక్కుని కుడి చేతిలో పెట్టి, ఎడమ చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

“ఎన్నిసార్లు సెప్పాలే నీకు? ఎడంసేత్తో నీళ్ళు తాగితే ఇంట్లో లచ్మీదేవి నిలుస్తాదా? సూడండి టీచరమ్మా, పుట్టినకాడ్నించీ ఇదే యవ్వారం. కొట్టి కొట్టి కుడిసెయ్యికి అలవాటు సేయించినాను,” అంది. కల్యాణి నవ్వి స్కూటీ స్టార్ట్ చేసింది. ఆ నవ్వు బదులు కాస్త ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇంటికి వెళ్ళాక రఘుకి తన కిటుకు చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. “మా దగ్గరా అంతే. ఆడిట్ వాళ్ళు నడిచే దారిలో రెయిలింగులకి మాత్రమే పసుపు రంగు పూయిస్తాం. ఆ దారి దాటితే తుప్పే. టెన్షన్ మత్ లే. అంతా బాగానే అవుద్ది.” టీ తాగుతూ తాగుతూ ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. “అవునూ, మీ మాస్టారి దగ్గర నువ్వు ఏ చెయ్యి ఎత్తీదానివి?”

కల్యాణి చేతిలో చపాతీ కర్ర ఆగింది.

“ఎడమదే,” అంది.

“ప్రతి ఏడూనా?”

“ప్రతి ఏడూ.”

రఘుకి అంతటితో అయిపోయింది. కల్యాణికి కాలేదు. ఎన్ని ఇన్‌స్పెక్షన్లు! ఎన్నిసార్లు చెయ్యి నొప్పెట్టేదాకా ఎత్తి నిలబడింది! ఒక్కసారి, ఒక్కరంటే ఒక్కరు, కల్యాణీ నువ్వు చెప్పమ్మా అనలేదు. ఏం రాదో, ఎందుకు రాదో కూడా అడగలేదు. ఎడమ చెయ్యి అంటే ఉన్నా లేనట్టే. ఆ చపాతీ పెనం మీద మాడిపోయింది. ఆ పూట ఇంట్లో మాడనిది ఏదీ లేదు.

గురువారం దేవాంగన్ మేడం క్లాసులోకి వచ్చి, చివరి బల్ల మీద, పిల్లల పక్కనే సర్దుకుని కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుంది. కల్యాణి ఇస్త్రీ చీరలో ఉంది గానీ లోపల ఒక్క మడతా కుదురుగా లేదు. సుద్దముక్క రెండుసార్లు కింద పడేసింది. ఫ్యాను శబ్దం ఎక్కువగా ఉందని ఆపింది, చెమట పడుతోందని మళ్ళీ వేసింది.

బోర్డు మీద వాక్యం రాసింది. ఆన్ సండే మై గ్రాండ్‌మదర్ బాట్ రైస్ దాల్ సాల్ట్ అండ్ ఆయిల్. పిల్లలు ఎన్నోసార్లు చూసిన వాక్యమే. “ఇందులో కామాలు ఎక్కడ రావాలి?” అని అడిగిందో లేదో, క్లాసులో ఉన్న చేతులన్నీ గాల్లోకి లేచాయి. దేవాంగన్ మేడం కనుబొమలు పైకి లేచాయి. మెచ్చుకోలులాగే కనిపించింది. కల్యాణికి కాస్త ఊపిరి ఆడింది.

ఖుష్బూని పిలుద్దామని నోరు తెరిచింది. అప్పుడు కనిపించింది లహరి చెయ్యి. కుడి చెయ్యి! ఎన్నడూ లేవని ఆ పిల్ల చెయ్యి నిటారుగా లేచి ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని తననే చూస్తోంది. రాత్రంతా కూర్చుని నేర్చుకుందన్నమాట! బొట్టుబిళ్ళ పట్టుకుని ముందుకొచ్చి, ఈ మేడం ఎదురుగా, మన తెలుగు పిల్ల! కల్యాణి గుండె పొంగింది. పొంగితే ఏమవుతుందో పాలని చూసైనా తెలుసుకోవద్దూ?

“లహరీ, కమ్,” అంది.

లహరి లేచింది. బోర్డు దాకా వచ్చింది. వేలి కొసన బొట్టుబిళ్ళ పెట్టుకుంది. వాక్యం వైపు చూసింది, కల్యాణి వైపు చూసింది, మళ్ళీ వాక్యం వైపు చూసింది. అప్పుడు కల్యాణికి అర్థమైంది, ఇందాక ఆ కళ్ళలో ఉన్నది ఉత్సాహం కాదని. నన్ను పిలవొద్దు మేడం అని ఆ కళ్ళు మొత్తుకున్నాయి.

“బతావో బేటా,” అని వెనక నుంచి దేవాంగన్ మేడం చెప్పమంది.

భయం వేస్తే నోటికి ఇంటి భాషే వస్తుంది. లహరి తెలుగులో, ఏడుపు దిగమింగుతూ గబగబా చెప్పేసింది. “మేడం, నాకు రాదు. పెద్దోళ్ళ ముందు ఎడం చెయ్యి ఎత్తితే విరగ్గొడతానంటుంది నానమ్మ. మీరేమో చెయ్యి ఎత్తకుండా ఉండొద్దన్నారు. అందుకే కుడిది ఎత్తాను. తిట్టకండి మేడం.”

క్లాసులో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. కల్యాణికి మాత్రం గుండెల్లో రాయి పడింది. నిన్న గేటు దగ్గర నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

“ఏమంటోంది?” అని అడిగింది దేవాంగన్ మేడం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ ఆ గదిలో తెలుగు తెలిసింది ఇద్దరికే. కల్యాణి ఏం చెబితే అదే నిజం. నాలుక దానంతట అదే కదిలింది. “కడుపునొప్పిగా ఉందంటోంది మేడం. పొద్దుట్నుంచీ ఒంట్లో బాగాలేదు.” హిందీ చక్కగా, తడబడకుండా వచ్చింది. అబద్ధానికి ఏ భాషలోనూ తడబాటు ఉండదు కాబోలు.

లహరికి హిందీ వచ్చు కదా. విన్నది. ఒక్క క్షణం కల్యాణి ముఖంలోకి చూసింది. తరవాత, చెప్పిన పని చేసే మంచి పిల్ల గనక, చెయ్యి తీసుకెళ్ళి పొట్ట మీద పెట్టుకుని, కొంచెం వంగి నిలబడింది. ఆ పొట్ట మీద పెట్టుకున్నది కూడా కుడి చెయ్యే.

కల్యాణికి ఒళ్ళంతా సిగ్గుతో భగ్గుమంది. ఎంత బుద్ధిగా వంగింది! తను ఏం నేర్పితే అది నేర్చుకుంటోంది పిల్ల. కామా రాకపోయినా ఇది వచ్చేసింది, ఒక్కసారి వినగానే. ఈ చిన్నది ఇలా పొట్ట పట్టుకుని నిలబడితేనే తనకి దక్కే ఎనిమిదో తరగతి తనకెందుకు? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే ఈ పీరియడు గడిచిపోతుంది, నిజమే. ఆ తరవాత వరండాలో ఎదురైతే తిన్నావా అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

“కాదు మేడం,” అంది. “కడుపునొప్పి లేదు. నాకు రాదంటోంది. రానివాళ్ళని ఎడమ చెయ్యి ఎత్తమని, వచ్చినవాళ్ళని కుడి చెయ్యి ఎత్తమని నేనే చెప్పాను. ఎడమ చెయ్యి ఎత్తితే వాళ్ళింట్లో కొడతారు. అందుకని కుడిది ఎత్తింది. ఆ పిల్ల తప్పు లేదు.”

ఉమేష్ సాహు కూడా కదలలేదు. ఇంకా గాల్లో మిగిలిపోయిన ఒకటి రెండు ఎడమ చేతులు మెల్లిగా కిందికి దిగాయి.

దేవాంగన్ మేడం కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. “పీరియడు ఇంకా ఉంది,” అంది అంతే.

కల్యాణి పిల్లల వైపు తిరిగింది. “నిజంగా రానివాళ్ళు చేతులెత్తండి. ఏ చెయ్యైనా సరే. ఎవరూ ఏమీ అనరు.”

మొదట ఎవరూ ఎత్తలేదు. తరవాత ఒకటి, ఇంకొకటి. చూస్తుండగానే క్లాసులో ముప్పాతిక మంది చేతులు లేచాయి. చివరికి ఖుష్బూ కూడా చెవి దాకా ఎత్తీ ఎత్తనట్టు ఎత్తింది. “ఆ వాక్యంలో అయితే వచ్చు మేడం. ఎక్కడెక్కడ అంటించాలో కంఠతా పట్టాను. వేరే వాక్యం ఇస్తే రాదు,” అంది.

కల్యాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ బొట్టుబిళ్ళలు ఊరికే తగలేసింది. డస్టర్ తీసుకుని బోర్డు మీది వాక్యం మొత్తం చెరిపేసింది. “లహరీ, నిన్న మీ నానమ్మ బజారు నుంచి ఏం తెచ్చింది?”

“లాల్ భాజీ,” అని ఎర్ర తోటకూర పేరు చెప్పి ఆగింది లహరి. “వంకాయలు... అల్లం... కొత్తిమీర.”

“రండి,” అంది కల్యాణి ముందు బల్లల వాళ్ళని చూసి. ఒకణ్ణి లాల్ భాజీ అంది, ఒకమ్మాయిని వంకాయలంది, ఒకణ్ణి అల్లం, ఒకణ్ణి కొత్తిమీర. ఉమేష్‌ని కొత్తిమీర ముందు నిలబెట్టి, నువ్వు అండ్ అంది. వరసగా నిలబడి తమ మాట తాము ఇంగ్లీషులో అరవాలి. లహరి వరస వెంట నడుస్తూ, ఇద్దరి మధ్య ఎక్కడ ఆగాలో అక్కడ, ముందున్నవాడి భుజం మీద బొట్టుబిళ్ళ అంటించాలి. వంకాయ కుదురుగా ఉండదు, అల్లం అండ్‌ని తోస్తాడు. బల్లల మీంచి మిగతావాళ్ళు లేచి నిలబడి అక్కడా, ఇక్కడా అని అరవడం. సంత నయం. పక్క క్లాసు నుంచి గణితం సర్ వచ్చి తొంగి చూసి వెళ్ళారు.

లహరి లాల్ భాజీ భుజం మీద అంటించింది. వంకాయ భుజం మీద అంటించింది. హడావిడిలో ఉమేష్ ముక్కు మీద కూడా అంటించేసింది. క్లాసంతా గొల్లుమంది. లహరి నవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, వరస మొత్తం పెదవులు కదుపుతూ చదువుకుని, ఉమేష్ ముక్కు మీది బిళ్ళ తనే పీకేసింది. ఆ పీకింది ఎడమ చేత్తో. ఎవరూ పట్టించుకోలేదు, పిల్లకే తెలియలేదు.

“ఎందుకు తీశావు?” అంది కల్యాణి.

“అక్కడ అండ్ ఉన్నాడు కదా మేడం. ఇంకా బిళ్ళెందుకు?”

గంట కొట్టారు. అందరికీ వచ్చిందా అంటే రాలేదు. సగం మందికి కూడా వచ్చిందో లేదో. దేవాంగన్ మేడం బల్ల మీంచి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, “ఆఫీసుకి రండి,” అని వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఆమె కూర్చోమనలేదు. “నిజం చెప్పారు, మెచ్చుకుంటున్నాను,” అంది. “కానీ మోసం నేర్పారు. అందుకు క్లాసు తీసేస్తున్నాను. ఎనిమిదో తరగతితో పాటు ఆరూ ఏడూ సోమవారం నుంచి కొత్త సర్ చూసుకుంటారు.”

వస్తుందని తెలిసిన దెబ్బే. అయినా తగిలినప్పుడు తగిలినట్టే ఉంటుంది. కల్యాణి సరేనని తలుపు దాకా నడిచింది. గడప మీద కాలు ఆగిపోయింది. పోవడానికి ఇక ఏముంది గనక? వెనక్కి తిరిగింది.

“మేడం, కొత్త సర్ పరీక్ష లోపు పుస్తకం పూర్తి చెయ్యాలి. రానివాళ్ళ కోసం ఆగడానికి ఆయనకి టైముండదు. ఇందాక చేతులెత్తిన పిల్లల్ని ఆఖరి పీరియడులో నాకివ్వండి. పొద్దున్న నర్సరీ చూసుకుంటాను. సాయంత్రం వాళ్ళని చూసుకుంటాను.”

“అది ఆటల పీరియడు.”

“ఇందాక మీరు చూసింది మరేమిటి మేడం?”

దేవాంగన్ మేడం కళ్ళద్దాల కోసం చెయ్యి ఎత్తి, తుడవకుండానే దించేసింది. “గది లేదు. వరండాలో కూర్చోబెట్టుకోండి. రేపటి నుంచే మొదలుపెట్టండి,” అంది. నవ్విందో లేదో కల్యాణికి కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళున్నాయి.

సాయంత్రం గేటు దగ్గర రమణమ్మ ఎదురుచూస్తూ నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని. విషయం అప్పుడే ఆమె దాకా వెళ్ళిపోయింది. “ఏటి టీచరమ్మా, నేనిన్నది నిజమేనా? పిల్లలసేత ఎడంసేతులు ఎత్తించినారంట? సదువుకున్నోరు, మీకైనా తెల్దేటి?”

“నాదే తప్పమ్మా,” అంది కల్యాణి. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని రమణమ్మ అనుకోలేదు. తెచ్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

లహరి నానమ్మ చీర కొంగు చాటు నుంచి ముందుకొచ్చింది. వరండా క్లాసు సంగతి తెలిసినప్పటి నుంచీ మోస్తున్న ప్రశ్నలా ఉంది, ఆగలేకపోయింది. “మేడం, రేపు వరండాలో ఏ చెయ్యి ఎత్తాలి?”

కల్యాణి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. పార్వతీపురంలో చెయ్యి నొప్పెట్టేదాకా ఎత్తి నిలబడిన ఇంకో పిల్ల ముఖం ఆమెకి కనిపించింది.

“ఏదీ ఎత్తక్కర్లేదు. అక్కడ రానివాళ్ళనే ముందు పిలుస్తాను. అందరికంటే ముందు నిన్ను.”

“అయ్యబాబోయ్,” అంది లహరి.

“ఏటి, ఏటంటన్నారు?” అని అడిగింది, గేటు దగ్గరి పిల్లల గోలలో సరిగా వినపడని రమణమ్మ.

“రేపు క్లాసులో అందరికంటే ముందు నన్నే పిలుస్తారంట నానమ్మా.”

రమణమ్మ కోపం ఎటుపోయిందో పోయింది. మనవరాల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని, వంకరగా ఉన్న కాలరు సరిచేసి, కల్యాణి వైపు తిరిగి చేతులు రెండూ జోడించింది. “మా ఇంట్లో ఇంతవరకూ ఎవుర్నీ ముందు పిలిసినోరు లేరమ్మా,” అంది. “రేపు దీనికి తలంటి పంపుతాను.”